లారీకి పాత స్టీరింగు బిగించాలంటే



రోడ్డు మీద లారీ పోతుంటే చూస్తాం. నిండా వడ్ల బస్తాలు ఉంటాయి. పది మంది కలిసి తోసినా అది కదలదు. అంత బరువైన బండి ఒక్క డ్రైవరు మాట వింటుంది. కుడికి తిప్పితే కుడికి పోతుంది. ఎడమకు తిప్పితే ఎడమకు పోతుంది. దేని వల్ల? డ్రైవరు చేతిలో ఉన్న గుండ్రటి చక్రం వల్ల. దాన్నే స్టీరింగు అంటాం.

కొందరి దగ్గర నలభై యాభై ఏళ్ల నాటి లారీలు ఉన్నాయి. నాన్న నడిపిన బండి అని కొందరు దాచుకుంటారు. పాత బళ్లంటే ఇష్టపడి కొందరు కొంటారు. పాత కాలం సినిమా తీసేటప్పుడు కూడా ఇలాంటి లారీలు కావాలి. ఈ లారీలకు మధ్యలో ఎవరో చిన్న స్టీరింగు బిగించి ఉంటారు. దాన్ని తీసి మళ్లీ మొదటి రకం పెద్ద స్టీరింగు పెట్టాలని యజమాని అనుకుంటాడు.

ఇది గాజులు మార్చుకున్నంత తేలికా? కాదు. స్టీరింగు ఊడితే బండి ఎవరి మాటా వినదు. డ్రైవరు ప్రాణం, క్లీనరు ప్రాణం, రోడ్డు మీద పోయే వాళ్ల ప్రాణం దాని మీదే ఉన్నాయి. ఆ డ్రైవరు ఒకరి భర్త. ఆ క్లీనరు ఒకరి కొడుకు. అందుకే ఈ పని ఎలా చేస్తారో మనమూ తెలుసుకోవాలి.

పాత లారీలు

మన దేశంలో లారీల తయారీ స్వాతంత్ర్యం వచ్చాక బాగా పెరిగింది. 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ కంపెనీ మొదలయింది. 1955లో దాని పేరు అశోక్ లేలాండ్ అయింది. టాటా కంపెనీ 1954లో జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయసాగింది. ఆ ఒప్పందం 1969 దాకా సాగింది. అందుకే మన పెద్దవాళ్లు ఇప్పటికీ "బెంజి లారీ" అంటారు.

ఆ లారీల స్టీరింగు చాలా పెద్దది. అన్నం వార్చే పెద్ద పళ్లెమంత ఉండేది. లోపల ఇనప కడ్డీ, పైన నల్లటి గట్టి పూత. అంచు సన్నగా ఉండేది. మధ్యలో హారను బొత్తాం. అంత పెద్దది ఎందుకు చేశారు?

తిరగలి చెప్పే సంగతి

మన ఇంటి తిరగలిని చూడండి. పిడి ఎక్కడ ఉంటుంది? రాయి అంచున ఉంటుంది. నడుమ దగ్గర ఎందుకు పెట్టలేదు? నడుమ పెడితే తిప్పలేం. చెయ్యి పడిపోతుంది. అంచున పెడితే తేలికగా తిరుగుతుంది. బోరింగు పంపు చెయ్యి పొడుగ్గా ఉండటానికీ ఇదే కారణం. పట్టుకునే చోటు నడుమకు ఎంత దూరంగా ఉంటే పని అంత తేలిక.

స్టీరింగు కూడా అంతే. ఒక లెక్క చూద్దాం. ఇరవై అంగుళాల స్టీరింగు ఉందనుకోండి. దాన్ని తిప్పడానికి 15 కిలోల బలం పట్టిందనుకోండి. అదే లారీకి పదిహేను అంగుళాల స్టీరింగు పెడితే? అప్పుడు 20 కిలోల బలం కావాలి. చక్రం చిన్నదయింది. బరువు చేతుల మీద పడింది. రాత్రంతా నడిపే డ్రైవరుకు భుజాలు లాగేస్తాయి. మలుపులో చెయ్యి చాలకపోతే ప్రమాదం.

మరి పెద్ద చక్రంలో నష్టం లేదా? ఉంది. ఒక్క చుట్టు తిప్పాలంటే చెయ్యి ఎక్కువ దూరం పోవాలి. ఇరవై అంగుళాల చక్రం చుట్టుకొలత దాదాపు 63 అంగుళాలు. పదిహేను అంగుళాల చక్రానిది 47 అంగుళాలు. బలం తగ్గితే దూరం పెరుగుతుంది. రెండూ ఒకేసారి కలిసి రావు. పెద్ద చక్రం డ్రైవరు పొట్టకూ, మోకాళ్లకూ అడ్డం కూడా వస్తుంది. అందుకే కొందరు చిన్నది పెట్టించుకున్నారు. చిన్నది సోకుగా ఉందని మరికొందరు పెట్టించుకున్నారు.

ఇప్పటి కొత్త లారీలకు పవర్ స్టీరింగు ఉంటుంది. నూనె ఒత్తిడి డ్రైవరు చేతికి సాయం చేస్తుంది. 1951లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ దీన్ని మొదటిసారి అమ్మకం కార్లలో పెట్టింది. ఆ సాయం ఉన్న బండికి చిన్న చక్రం చాలు. ఆ సాయం లేని పాత లారీకి పెద్ద చక్రమే మేలు.

ఇంకో సంగతి. మోటారు బండి పుట్టిన కొత్తలో గుండ్రటి స్టీరింగే లేదు. పడవ చుక్కానికి ఉన్నట్టు ఒక పొడుగు కర్ర ఉండేది. 1894లో ఫ్రాన్సులో పారిస్ నుంచి రువాన్ ఊరి దాకా బళ్ల పోటీ జరిగింది. వాషెరోన్ అనే ఆయన తన బండికి కర్ర తీసేసి చక్రం పెట్టాడు. ఆ తర్వాత చక్రమే అందరికీ అలవాటయింది.

స్టీరింగు కింద ఏముంది?

స్టీరింగు చక్రం కింద ఒక పొడుగు ఇనప రాడ్డు ఉంటుంది. అది కిందికి పోయి స్టీరింగు బాక్సులో చేరుతుంది. బాక్సులో మరలు ఉంటాయి. డ్రైవరు చాలా చుట్లు తిప్పితే లారీ ముందు చక్రాలు కొంచెం తిరుగుతాయి. దాని వల్ల కూడా బరువు తగ్గుతుంది. బాక్సు నుంచి ఇనప చేతులు, కడ్డీలు ముందు చక్రాల దాకా పోతాయి.

రాడ్డు పై కొసకు సన్నటి పళ్లు ఉంటాయి. స్టీరింగు నడుమ భాగాన్ని బొడ్డు అందాం. బొడ్డు లోపల కూడా పళ్లు ఉంటాయి. ఈ పళ్లు ఆ పళ్లలో కూర్చుంటాయి. అందుకే చక్రం జారకుండా రాడ్డును తిప్పుతుంది. పైన ఒక పెద్ద నట్టు బిగిస్తారు. ఆ నట్టు చక్రాన్ని ఊడిపోకుండా పట్టుకుంటుంది.

పళ్లు తిప్పుతాయి. నట్టు పట్టుకుంటుంది. ఈ రెండు మాటలు గుర్తుంటే మిగతా అంతా అర్థమవుతుంది.

పాత చక్రం కొనేటప్పుడు

పాత స్టీరింగులు కొత్తవి దొరకవు. తుక్కు కొట్లలో, పాత సామాన్ల కొట్లలో వెతకాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ సామాన్ల కొట్లు చాలా ఉన్నాయి. కొనే ముందు నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది, పళ్లు. లారీ రాడ్డుకు ఎన్ని పళ్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. బొడ్డులో కూడా అన్నే ఉండాలి. లావు కూడా కలవాలి. రాడ్డు కొస వాలుగా ఉంటే బొడ్డు లోపల కూడా అదే వాలు ఉండాలి.

రెండోది, పగుళ్లు. ఎండకు పై పూత పగులుతుంది. పై పగులు మాత్రమే అయితే లప్పం పెట్టి, గరుకు కాయితంతో రుద్ది, రంగు వేయవచ్చు. లోపలి ఇనప కడ్డీ విరిగినా, వంగినా, తుప్పు తిన్నా ఆ చక్రం వద్దు. రంగు వేస్తే అందం వస్తుంది. బలం రాదు.

మూడోది, పుల్లలు. అంచునూ బొడ్డునూ కలిపే చేతులను పుల్లలు అంటారు. అవి అంచులో కలిసే చోట చేత్తో పట్టి ఊపి చూడాలి. కదిలితే కొనకూడదు.

నాలుగోది, చోటు. చక్రం పెట్టాక డ్రైవరు మోకాళ్లకు తగలకూడదు. తలుపుకు తగలకూడదు. తిప్పేటప్పుడు వేళ్లు ఎక్కడా ఇరుక్కోకూడదు.

పళ్లు కలవకపోతే?

ఒక షెడ్డులో జరిగినట్టు అనుకుందాం. లారీ యజమాని పాత చక్రం తెచ్చాడు. భార్య కూడా వెంట వచ్చింది. మేస్త్రీ చక్రాన్ని రాడ్డు మీద పెట్టి చూశాడు. సగం దాకా దిగి ఆగింది.

"నాలుగు దెబ్బలు వెయ్యి మేస్త్రీ, దిగుద్ది" అన్నాడు యజమాని.

"దిగదు సార్. దిగినా పళ్లు చెడిపోతాయి. రాడ్డుకు 36 పళ్లు, దీనికి 40 ఉన్నాయి" అన్నాడు మేస్త్రీ.

"పోనీ, వెల్డింగు పెట్టేస్తే?"

అప్పుడు భార్య అడిగింది. "వెల్డింగు పెడితే గట్టిగానే ఉంటుంది గదా అన్నా?"

"చూడటానికి గట్టిగానే ఉంటుందమ్మా. కానీ ఆ వేడికి ఇనుము గుణం మారిపోద్ది. ఎక్కడో వెంట్రుక వాసి పగులు వస్తుంది. అది కంటికి కనపడదు. ఘాటు రోడ్డు మీద విరుగుద్ది. పైగా రేపు బాక్సు రిపేరు వస్తే చక్రం ఊడి రాదు. రాడ్డు కోయాలి."

ఆమె భర్త వైపు చూసింది. "పుస్తెలు తాకట్టు పెట్టి చేయిస్తున్న రిపేరు ఇది. ఇంకో వారం ఆగుదాం. కలిసే చక్రమే తెద్దాం" అంది.

ఆమె అన్నదే సరైన మాట. పళ్లు కలవని చక్రాన్ని కొట్టి దించకూడదు. వెల్డింగు పెట్టకూడదు. అదే కంపెనీ, అదే రకం లారీ చక్రం తేవాలి. లేదా ఆ రాడ్డుకు సరిపడేటట్టు కొలత ప్రకారం చేసిన బొడ్డు పెట్టించాలి.

పాత చక్రం తీయడం

ముందు లారీని చదునైన చోట ఆపాలి. ముందు చక్రాలు తిన్నగా ఉండాలి. హ్యాండు బ్రేకు వెయ్యాలి. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి.

తర్వాత బ్యాటరీ తీగ తీయాలి. బాడీకి కలిపిన తీగను ముందు తీయాలి. ఎందుకంటే స్టీరింగు నడుమ హారను తీగ ఉంటుంది. పని చేస్తుంటే హారను మోగుతుంది. నిప్పు రవ్వలు కూడా రావచ్చు.

ఇప్పుడు హారను బొత్తాం తీయాలి. లోపల స్ప్రింగు, చిన్న చిన్న బిళ్లలు ఉంటాయి. ఏది ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో అదే వరుసలో ఒక గుడ్డ మీద పెట్టాలి. బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకు పెట్టుకుంటూ రావాలి.

పెద్ద నట్టు కనపడుతుంది. దాన్ని వదులు చెయ్యాలి. కానీ పూర్తిగా తీయకూడదు. రెండు మూడు చుట్లు అలాగే ఉంచాలి. ఎందుకు? చక్రం ఏళ్ల తరబడి రాడ్డుకు పట్టేసి ఉంటుంది. ఒక్కసారిగా ఊడితే మనిషి మొహానికి తగులుతుంది. నట్టు ఉంటే అక్కడే ఆగుతుంది.

చక్రం ఊడదీయడానికి పుల్లరు అనే పనిముట్టు ఉంది. అది చక్రాన్ని పట్టుకుని నెమ్మదిగా పైకి లాగుతుంది. కొందరు కింద నుంచి సుత్తితో కొడతారు. రాడ్డు కొస మీద కూడా కొడతారు. ఇది తప్పు. ఆ దెబ్బ కింద బాక్సు దాకా పోతుంది. లోపలి బేరింగులు దెబ్బ తింటాయి. నట్టు మరలు కూడా చెడతాయి. పుల్లరు లేని షెడ్డులో ఈ పని చేయించకూడదు.

పెద్ద చక్రం బిగించడం

రాడ్డు పళ్లను గుడ్డతో, బ్రష్షుతో శుభ్రం చెయ్యాలి. విరిగిన పళ్లు ఉన్నాయేమో చూడాలి. ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో మళ్లీ చూడాలి. స్టీరింగు పుల్లలు సమానంగా వచ్చేటట్టు చక్రాన్ని రాడ్డు మీద పెట్టాలి. చేత్తో నొక్కితే పళ్లలో దిగాలి.

పైన లాకు వాచరు, దాని పైన నట్టు. పాత నట్టు మరలు అరిగి ఉంటాయి. కొత్తది కొనాలి. నట్టు ఖరీదు తక్కువ. దాని పని పెద్దది.

నట్టును ఎంత బిగించాలి? "గట్టిగా" అంటే చాలదు. ఒకరి గట్టి వేరు, ఇంకొకరి గట్టి వేరు. లారీ కంపెనీ పుస్తకంలో దీనికి అంకె ఇస్తారు. బిగింపు కొలిచే పానా ఉంటుంది. దాన్ని టార్కు పానా అంటారు. ఆ పానాతో ఆ అంకె దాకా బిగించాలి. తర్వాత నట్టు తిరిగిపోకుండా లాకు వెయ్యాలి.

ఇక హారను తీగ కలపాలి. చాలా పాత లారీలలో బొత్తాం నొక్కితే ఆ తీగ బాడీకి తగిలి హారను మోగుతుంది. తీగ నలిగి బాడీకి తగిలితే హారను ఆగకుండా మోగుతుంది. తెగితే అసలు మోగదు. హారను లేని లారీ రోడ్డు మీద తిరగకూడదు.

చివరికి బ్యాటరీ తీగ కలపాలి.

పరీక్ష

బిగించగానే పని అయిపోదు. పరీక్ష చెయ్యాలి.

చక్రాన్ని రెండు చేతులతో పట్టి పైకి కిందికి లాగి చూడాలి. కొంచెం కూడా కదలకూడదు. కుడి కొస దాకా, ఎడమ కొస దాకా తిప్పి చూడాలి. ఎక్కడా పట్టకూడదు. అన్ని వైపులా హారను మోగాలి.

తర్వాత ఖాళీ లారీని జనం లేని చోట నెమ్మదిగా నడపాలి. మలుపు తిరిగాక చక్రం వదులు చేస్తే లారీ తిన్నగా రావాలి. కొంత దూరం నడిపాక నట్టును మళ్లీ చూడాలి. కొత్త నవారు మంచం రెండు రోజులకు వదులవుతుంది. మళ్లీ లాగి బిగిస్తాం కదా! ఇదీ అంతే. పళ్లు బాగా కూర్చున్నాక నట్టు కాస్త వదులు కావచ్చు.

చక్రం మారిస్తే అన్నీ బాగవుతాయా?

కావు. ఇది చాలా మంది పొరపడే చోటు.

స్టీరింగు తిప్పినా కొంత దాకా లారీ తిరగదు. ఈ ఖాళీ తిరుగుడును మెకానిక్కులు ప్లే అంటారు. బాక్సు అరిగినా, కింది కడ్డీల కీళ్లు అరిగినా ప్లే ఎక్కువవుతుంది. బందులు అరిగితే తలుపు వేలాడినట్టే. తలుపుకు కొత్త రంగు వేస్తే బందులు బాగవుతాయా? అలాగే స్టీరింగు మారిస్తే ప్లే పోదు. పైగా పెద్ద చక్రం మీద అదే ప్లే ఇంకా ఎక్కువ అంగుళాలు కనపడుతుంది. కీళ్లు బాగు చేయించాకే చక్రం మార్చాలి.

లారీ ఒక పక్కకు లాగుతుంటే టైర్ల గాలి, బ్రేకులు, చక్రాల వరుస చూపించాలి. అది కూడా స్టీరింగు చక్రం తప్పు కాదు.

పాత స్టీరింగులో ఒక ప్రమాదం ఉంది. పాత రాడ్డు ఈటెలాగా తిన్నగా, గట్టిగా ఉంటుంది. లారీ గుద్దుకుంటే ఆ రాడ్డూ చక్రమూ డ్రైవరు ఛాతీకి తగులుతాయి. ఇప్పటి చాలా బళ్లలో రాడ్డు దెబ్బకు ముడుచుకునేటట్టు చేస్తున్నారు. కాబట్టి పాత లారీకి కూడా గట్టి సీటు బెల్టు పెట్టించాలి. వేగం తగ్గించి నడపాలి. గుంతల రోడ్డులో బొటన వేలిని పుల్లల లోపల పెట్టకూడదు. చక్రం గుంతలో పడితే స్టీరింగు ఒక్కసారిగా తిరుగుతుంది. వేలు విరుగుతుంది.

ఇప్పటి కొన్ని బళ్ల స్టీరింగులో గాలి సంచి ఉంటుంది. దాన్ని ఎయిర్ బ్యాగు అంటారు. గుద్దుకుంటే అది క్షణంలో ఉబ్బి డ్రైవరును కాపాడుతుంది. అలాంటి స్టీరింగును తీసి పాత రకం పెట్టకూడదు. మామూలు షెడ్డులో దాన్ని విప్పకూడదు. చేతిలోనే పేలవచ్చు.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం ఉంది. అందులో 52వ సెక్షను బండిలో చేసే మార్పుల గురించి చెబుతుంది. ఆర్.సి.లో రాసిన వివరాలు మారిపోయేటట్టు బండిని మార్చకూడదు. సరుకు మోసే లారీకి ఎఫ్.సి. కావాలి. అంటే బండి నడవడానికి తగిన స్థితిలో ఉందని ఇచ్చే కాయితం. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్.సి. చేయించాలి. ఆ పరీక్షలో స్టీరింగును కూడా చూస్తారు.

బిల్లు చదవండి

రిపేరు డబ్బు ఇంట్లో నుంచే పోతుంది. కాబట్టి బిల్లు అడగండి. చదవండి. కొత్త నట్టు అని రాశారా? లాకు వాచరు అని రాశారా? రాస్తే, నిజంగా వేశారా? పాత నట్టు చూపించమని అడగండి. "ట్రయలు చూశారా అన్నా? నట్టు మళ్లీ బిగించారా?" అని అడగండి. మంచి మేస్త్రీ ఈ మాటకు కోప్పడడు. విప్పి చూపిస్తాడు.

గుర్తుంచుకుందాం

1. పెద్ద చక్రం తిప్పడం తేలిక. చిన్న చక్రానికి బలం ఎక్కువ కావాలి.
2. రాడ్డు పళ్లు, బొడ్డు పళ్లు కలవాలి. కొట్టకూడదు. వెల్డింగు పెట్టకూడదు.
3. చక్రాన్ని పుల్లరుతోనే తీయాలి.
4. కొత్త నట్టు వెయ్యాలి. కొలత ప్రకారం బిగించాలి. కొంత దూరం నడిపాక మళ్లీ చూడాలి.
5. చక్రం మారిస్తే ప్లే పోదు.
6. ఎయిర్ బ్యాగు ఉన్న స్టీరింగు జోలికి పోకూడదు.

కొత్త మాటలు

బొడ్డు – స్టీరింగు నడుమ భాగం
పుల్లరు – చక్రాన్ని లాగి ఊడదీసే పనిముట్టు
ప్లే – బండి తిరగకుండా స్టీరింగు మాత్రమే తిరిగే ఖాళీ
ఎఫ్.సి. – బండి బాగుందని ఇచ్చే కాయితం

ఆలోచించండి, చెప్పండి

1. తిరగలి పిడి అంచున ఎందుకు ఉంటుంది?
2. నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు ఎందుకు ఉంచాలి?
3. పళ్లు కలవని చక్రానికి వెల్డింగు పెడితే ఏమవుతుంది?
4. మీ ఊళ్లో లారీ గానీ ట్రాక్టరు గానీ నడిపే వాళ్లను అడగండి. వారి స్టీరింగు ఎన్ని అంగుళాలు ఉంది? టేపుతో కొలిచి, పలక మీద రాయండి.